కారణం రాయాల్సిన గడి

వియంటియాన్ విమానాశ్రయంలో నాది మూడో వరస.
బెల్టులు విప్పించడం, నీళ్ళసీసాలు పారబోయించడం,
పసిపిల్లల పాలు మూత తీసి వాసన చూడడం,
తొమ్మిదేళ్ళుగా ఇదే నా వ్యవసాయం.

వానలు మొదలైన వారం టోపీ వచ్చింది.
ఈతగాళ్ళు పెట్టుకునేలాంటిది. లోపల తడి స్పాంజి ముక్కలు,
చెవి పక్కనుంచి జడలా వేలాడే తీగలు.
జిగురు పూస్తే నత్త పాకినట్టు చల్లగా ఉంటుంది.

దాని వెంట కార్వర్ అనే ఇంజనీరు వచ్చాడు.
మనిషికైతే అబద్ధం అల్లే తీరిక ఉంటుంది,
మెదడుకి ఉండదన్నాడు.
తెరమీద బొమ్మలు, ఒక్కోటి రెప్పపాటులో సగం సేపు:
చెప్పు, చాకు, గొడుగు, తుపాకి, అరటిగెల, బాంబు.
దగ్గరగా ఎరిగినదేదైనా కనిపిస్తే
మనిషి ఊ అనేలోపే
లోపల ఒక అల లేస్తుందట.

నాకు నవ్వొచ్చింది.
గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం!
ఇంత పాత ఉపాయానికి
ఇన్ని తీగలెందుకు?

ముందు తనే పెట్టుకుని చూపించాడు.
చాకు వచ్చింది, తుపాకి వచ్చింది, బాంబు వచ్చి పోయింది.
గీత కునుకు తీస్తూనే ఉంది.
పుట్టి బుద్ధెరిగి బాంబుని కాగితం మీద తప్ప చూడలేదట.
అందరం చప్పట్లు కొట్టాం.

మూడోరోజు బువాకేవ్ వచ్చింది.
సియెంగ్ ఖువాంగ్ కొండలనుంచి రాత్రంతా బస్సు.
డెబ్భై దాటాయి. ఎడమకంట్లో శుక్లం, బ్యాంకాక్‌లో ఆపరేషన్.
విమానం ఎక్కడం ఇదే మొదలు.
చూడడం, వినడం, దాక్కోవడం
పన్నెండో ఏటికే అయిపోయాయి.

కొప్పు విప్పమంటే సిగ్గుపడింది.
తెల్లపాయలు విడదీసి స్పాంజి నేనే అద్దాను.
చెప్పు. ఏమీ లేదు.
గొడుగు. ఏమీ లేదు.
అరటిగెలకి చిన్న కదలిక, పొద్దున్నించి ఏం తినలేదట.
బాంబు.
గీత లేచి తెర అంచుకి కొట్టుకుంది.

ఎర్రదీపం. కార్వర్ పరుగు. మళ్ళీ చూపించారు.
ఏడుసార్లు చూపిస్తే ఏడుసార్లూ లేచింది.

"అవ్వా, ఆ బొమ్మ నీకు తెలుసా?"
"తెలియకేం, మా పెరట్లో ఉంది."

వరసంతా రెండడుగులు వెనక్కి జరిగింది.

"మా ఆయన నిలువునా చీల్చి కాళ్ళు పెట్టాడు.
మన్ను పోసి ఉల్లికాడలు వేశాను. పందులకి అందవు.
ఇంకో నాలుగిటి మీద ధాన్యపుకొట్టు నిలబెట్టాం.
కోడలు నీళ్ళు పోస్తుందో ఎండగడుతుందో,
ఇందాకట్నించీ అదే నా బెంగ."
కాసేపాగి అంది:
"జామకాయంతవి కూడా ఉంటాయి.
అవి మాత్రం నాకు చూపించకండి."

ఇంజనీరుకి తర్జుమా చేశాను.
ఉల్లికాడలా? అన్నాడు.
ఉల్లికాడలే, అన్నాను.

ఆవిడ సంచి పక్క బెల్టు మీద అప్పటికే దాటిపోయింది.
జిగురన్నం బుట్ట, దుప్పటి, ఒక చెంచా.
ఆ చెంచా పైనుంచి పడిన లోహాన్ని కరిగించి పోసిందే.
పాత యంత్రం దాన్ని చెంచా అంది.
పోనిచ్చింది.

గుమ్మడికాయలు ఎవరివో మాకు ఎప్పటికీ తేలదు.
ఎవరి కప్పు మీద పడ్డాయో
భుజాలు వాళ్ళవే నొప్పి.

విమానం తలుపు మూసేవేళకి వదిలారు.
కొప్పు ముడుచుకుంటూనే నడిచింది.
నాకు ఫారం మిగిలింది.
గుర్తించిందా: అవును.
కారణం:
బొటనవేలంత గడి. ఉల్లికాడలు అని రాసి
సంతకం పెట్టాను.

ఆ రాత్రి టోపీలు కడిగే వంతు నాది.
స్పాంజిలో ఒక తెల్లవెంట్రుక.
ఎవరూ లేరు కదా అని నా తలకి తగిలించుకున్నాను.
చెప్పు. చాకు. గొడుగు.
బాంబు దగ్గర గీత లేచింది,
పెద్దగా కాదు, జానెడు.

నా ఫారం నింపాల్సినవాళ్ళు
అప్పటికే ఇంటికి వెళ్ళిపోయారు.